బడి దూరమా, దారి భయమా?

ప్రతి జూన్ నెలలో మేము బస్తీలో ఇంటింటికీ తిరుగుతాము. ఏడవ తరగతి పూర్తిచేసిన ఆడపిల్లలను ఉన్నత పాఠశాలలో చేర్పించమని తల్లిదండ్రులను కోరుతాము. మసీదు వెనుక సందులోని ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఏడవ తరగతి వరకే ఉంది. ఆపై చదువుకు జాతీయ రహదారి దాటాలి. బడి దూరమా అని అడిగితే ఎవరూ దూరమనరు, కిలోమీటరైనా లేదు. ఈ ఏడు ఒక తల్లి మమ్మల్నే తిరిగి అడిగింది: "ఆ లారీల నడుమ ఆడపిల్లను ఎట్లా పంపమంటారు, భాయ్‌సాబ్?"

మా వద్ద జవాబు లేకపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంట్లో చంకీ పని నేర్చుకుంటున్నది. ఇటువంటి పిల్లల విషయంలో కాగితాలపై "తల్లిదండ్రుల అనాసక్తి" అని రాస్తారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరి చేసిన మాకు తెలుసు, గడి నింపడానికి ఇంతకంటే సులువైన మాట మరొకటి లేదు.

నిజానికి చట్టం ఈ తల్లి పక్షానే ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాలు అయిదవ తరగతి వరకు 1 కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నాయి. అంతటితో ఆగలేదు. ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే ఆ దూరాన్ని ఇంకా తగ్గించి, ప్రమాదం తప్పేలా బడిని ఏర్పాటు చేయాలన్నాయి. అనగా భయపెట్టే దారిని కూడా దూరంగానే లెక్కించాయి. మన బస్తీలలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

అదే రహదారిపై కొంత ముందుకు వెళితే ఒక ప్రైవేటు పాఠశాల ఉంది. ఉదయం, సాయంత్రం అక్కడ కాపలాదారు చేతిలో ఎర్రజెండాతో వాహనాలను ఆపుతాడు. బస్సులు ఆవరణలోకే వెళతాయి. మన పిల్లలు నడిచి వస్తారు గనుక వారికి జెండా లేదు, జీబ్రా గీతలూ లేవు. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో మౌలిక సదుపాయాల కొరతను సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. ఎవరో పగబట్టి ఇట్లా చేశారని మేము అనము. అడిగేవారు లేనిచోట గీతలు గీయరు, అంతే.

అయితే అడిగే పద్ధతి ఒకటి ఉంది. "తగు చర్య తీసుకోగలరు" అని రాసిన దరఖాస్తుకు "తగు చర్య తీసుకోబడును" అనే జవాబు వస్తుంది. అటువంటి జవాబులు మేమే ఎన్నో టైపు చేశాము! పిల్లలు ఏ గంటకు, ఎక్కడ దాటుతారో, ఎంతమందో రాయాలి. జాతీయ రహదారిపై స్పీడ్ బ్రేకరుకు సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి సిగ్నలో, పాదచారుల వంతెనో, బడివేళల్లో ట్రాఫిక్ కానిస్టేబులో కావాలని రాయాలి. పిల్లలు, వాహనాలు కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటరాదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటించింది. వేగపరిమితిని తగ్గించే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించని సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా అని 2019 సవరణ చెప్పింది గాని, అది ఒక ప్రాణమో, కాలో చేయో పోయిన తరువాతి మాట. మనం ముందే అడగాలి.

మన సందు మాటేమిటి? బడి గేటు ముందు అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లు పొరుగూరివి కావు. పద్నాలుగేళ్ల కుర్రవాడి చేతికి బండి తాళం ఇచ్చేది మనమే. వాడు ప్రమాదం చేస్తే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉందని చెబితే నవ్వుతారు. దారిలో కీడు కలిగించే దానిని తొలగించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. జుమా నాడు ఆ మాట విని, బయటకు వచ్చి అదే గేటు ముందు బండి తీసుకుంటాము. తోపుడు బండ్ల వారిని మాత్రం వెళ్లగొట్టమని మేము కోరము. వారి పిల్లలు కూడా ఆ బడిలోనే ఉన్నారు. బడివేళల్లో పది అడుగులు పక్కకు జరగమంటే నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు.

పాఠశాల యాజమాన్య కమిటీలో మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులే కావాలని, సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం. మా బడి కమిటీలో తల్లుల పేర్లు చాలాకాలం కాగితంపైనే ఉండేవి. ఈసారి వారినే కూర్చోబెట్టి దరఖాస్తు రాయించాము. తొమ్మిదిమంది సంతకాలు చేశారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి, నకలుపై తేదీ ముద్ర వేయించుకున్నాము. నెల గడిచినా కబురు లేకపోయేసరికి, అది ఏ బల్లపై ఉన్నదో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద మరొకటి పెట్టాము. వారి 30 రోజుల గడువు ఈ నెల 24తో ముగుస్తుంది. 25న ఆ తల్లులతో కలిసి మళ్లీ కార్యాలయానికి వెళుతున్నాము.