ఒకే బరి... రెండు రకాల జట్లు

హోబళి స్థాయి హైస్కూలు ఆటలకు వెళ్ళినవాళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. జెండా ఎగరేయడం, అతిథుల ఉపన్యాసాలు అయ్యేసరికే ఎండ నడినెత్తికొస్తుంది. అప్పుడు కబడ్డీ కూత మొదలవుతుంది. గంట తిరక్కుండానే కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల పిల్లలు చెప్పులేసుకుని, సంచులు భుజాన తగిలించుకుని చెట్టు కింద కూర్చుని ఉంటారు. వాళ్ళకు ఆ ఏడాది ఆటలు అయిపోయినట్టే. చాలాచోట్ల ఇంకా ఓడితే ఇంటికే అన్న నాకౌట్ పద్ధతే నడుస్తోంది. చీటీలో తొలి ఆటే నిరుటి విజేతతో పడిందంటే ఇక చెప్పేదేముంది?

ఆ విజేత చాలాసార్లు హాస్టలున్న పెద్ద ప్రైవేటు బడే అవుతోంది. పావగడ, బాగేపల్లి, ముళబాగిలు వైపు, ఇటు బళ్ళారి, సిరుగుప్ప వైపు ఎవరినడిగినా ఇదే మాట. అందులో తప్పేముంది, బాగా ఆడినవాళ్ళు గెలుస్తారు అనొచ్చు. నిజమే. అయితే ఆ జట్టులో ఆడుతున్న పిల్లలెవరో కూడా చూడాలి. నిన్నటిదాకా పక్కూరి సర్కారు బళ్ళో ఏడో తరగతి చదివి, అక్కడి మాస్టారి దగ్గర కూత నేర్చుకున్న పిల్లాడికి ఫీజు లేదు, తిండి ఉచితం అని చెప్పి ఎనిమిదిలో చేర్చుకుంటారు. నాలుగైదు ఊళ్ళ మెరికలు ఒకే జెర్సీలోకి వస్తాయి. మరుసటి ఏడాది అదే జట్టు ఆ నాలుగైదు ఊళ్ళ బడులనూ ఓడించి ఇంటికి పంపుతుంది. పేపర్లో పేరు, గోడ మీద ఫ్లెక్సీ, కొత్త అడ్మిషన్లు అన్నీ ఆ బడికే. మొదట బరి గీసిన మాస్టారి పేరు ఎక్కడా ఉండదు.

ఆ పిల్లాణ్ణిగానీ, పంపిన అమ్మానాన్నల్నిగానీ తప్పుపట్టడానికి లేదు. కూలికెళ్ళే ఇంట్లో మూడు పూటలా తిండి, రోజూ శిక్షణ ఇస్తామంటే కాదనేదెవరు? ఇబ్బంది వెళ్ళిన ఒక్కడితో కాదు, వెనక ఉండిపోయిన పదిమందితో. జట్టు ఆటలో ఇద్దరు మంచి ఆటగాళ్ళు పోతే మిగతావాళ్ళు కూడా మూలపడతారు.

ఏదో పిల్లల ఆటలే కదా అని తీసిపారేసే వ్యవహారమూ కాదిది. హోబళి నుంచి తాలూకా, జిల్లా, డివిజన్, రాష్ట్రం దాకా మెట్లున్నాయి. రాష్ట్రం తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడిన సర్టిఫికెట్‌కు విలువుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో నేరుగా చేసే నియామకాల్లో 5 శాతం దాకా ప్రతిభ ఉన్న క్రీడాకారులకు ఇవ్వొచ్చు. స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడినవాళ్ళకూ అందులో అర్హత ఉంది. తమిళనాడులో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లోనే 3 శాతం క్రీడాకారుల కోటా ఉంది. మొదటి మెట్టు మీదే, మొదటి గంటలోనే జారిపోయిన ఆడపిల్ల ఈ వరసలోకి రానే రాదు.

పోనీ సర్కారు బడికి ఏమిస్తున్నారు? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం శిక్షకుడు ఉండాలంది. వందలోపు ఉంటే ఆ మాటా లేదు. తొమ్మిది, పది తరగతులు అసలు ఆ చట్టంలోకే రావు. సరిహద్దు పల్లెల్లో, ముఖ్యంగా మిగిలి ఉన్న తెలుగు మీడియం బడుల్లో, వంద దాటడమే గగనం. సమగ్ర శిక్ష పథకం 2018లో వచ్చాక హైస్కూలుకు ఏడాదికి 25 వేల రూపాయల దాకా క్రీడా సామగ్రికి ఇస్తున్నారు. బంతులు, నెట్లు, ఇనుప గుండు కొనుక్కోవచ్చు. వాటితో ఆడించే మనిషి మాత్రం ఆ డబ్బుతో రాడు. ఉన్నచోట కూడా ఆ దైహిక శిక్షకుడి చేతిలో విజిల్ కంటే రిజిస్టరే ఎక్కువ. కోడిగుడ్ల లెక్క ఆయనే, ఎన్నికల డ్యూటీ ఆయనే. ఎస్సెస్సెల్సీ దగ్గరపడితే ఆటల పీరియడు లెక్కల మాస్టారి ఖాతాలోకి పోతుంది. ఇది ప్రైవేటు బడి చేసిన అన్యాయం కాదు, మన ఇంటి నిర్వాకమే.

ఇంకోటి. హోబళిలో ఆట మట్టి మీద జరుగుతుంది కాబట్టి పల్లె పిల్లలు కొంతైనా నిలబడతారు. పైకి వెళ్ళేకొద్దీ కబడ్డీకి మ్యాట్, పరుగుకు సింథటిక్ ట్రాక్ వస్తాయి. మట్టిలో ఉత్తికాళ్ళతో నేర్చిన కాలికి మ్యాట్ మీద పట్టు దొరకదు. బూట్లు కొత్త, తిరగడం కొత్త. అది వేరే ఆట. రోజూ మ్యాట్ మీద సాధన చేసే బడి పిల్లలతో అప్పుడు పోటీ ఏంటి?

దీనికి కొందరు చెప్పే మందు ప్రభుత్వ బడులకు వేరే టోర్నీ, ప్రైవేటుకు వేరే టోర్నీ. వినడానికి బాగానే ఉంది గానీ గీత తప్పుచోట గీసినట్టవుతుంది. బజారులో రెండంతస్తుల అద్దె మేడలో నడిచే చిన్న ప్రైవేటు బడికి మైదానమూ ఉండదు, మాస్టారూ ఉండడు. దాన్ని తీసుకెళ్ళి హాస్టల్ బడి పక్కన పెడతామా? అటు మొరార్జీ దేశాయి వసతి పాఠశాలలు, నవోదయలు సర్కారువే అయినా పిల్లలు అక్కడే ఉంటారు, పొద్దున్నా సాయంత్రం సాధన చేయొచ్చు. కాబట్టి చూడాల్సింది యజమాని ఎవరన్నది కాదు. పిల్లల్ని ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకోగలరు, ఎన్ని గంటలు ఆడించగలరు అన్నది.

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం ఈ గొడవనే ఎదుర్కొంది. ఫలానా ప్రాంతం పిల్లలే అన్న హద్దు లేని బడుల విద్యార్థుల సంఖ్యను 1.65తో హెచ్చించి, ఆ లెక్కతో వాళ్ళను పెద్ద బడుల తరగతిలో ఆడించాలని 2005లో నిర్ణయించారు. పెద్దగా గెలవని బడికి ఆ హెచ్చింపు నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. అక్కడి లెక్క ఇక్కడికి అలాగే సరిపోదు. కానీ ఆలోచన మనకూ పనికొస్తుంది.

వేరు దారులు పెడితే పిల్లల్ని విడదీసినట్టవుతుందనే వాదన ఉంది. జాతీయ స్కూల్ గేమ్స్ వైపు ఓసారి చూడండి. అక్కడ కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు, సీబీఎస్ఈ బడులకు రాష్ట్రాలతోపాటు సొంత జట్లున్నాయి. వాళ్ళకు వేరే వాకిలి ఎప్పట్నుంచో తెరిచే ఉంది. వైద్య సీట్లలో ప్రభుత్వ బడి పిల్లలకు తమిళనాడు 2020లో 7.5 శాతం ప్రత్యేకించింది. అలాంటప్పుడు హోబళి కబడ్డీలో చిన్న సర్దుబాటు చేస్తే కొంపలేం మునగవు.

చేయగలిగింది చాలానే ఉంది, పెద్ద ఖర్చూ లేదు. హోబళిలో నాకౌట్ తీసేసి బడుల్ని గుంపులుగా విడదీసి లీగ్ ఆడించాలి. ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు దక్కాలి. ఇంకో రోజు పడుతుందంటారా, పడనివ్వండి. పిల్లలు తక్కువున్న రెండు మూడు పొరుగు బడులు కలిసి ఒక జట్టు దింపే వెసులుబాటు ఇవ్వాలి. కబడ్డీ బరిలోకే ఏడుగురు కావాలి. పదిహేడేళ్ళలోపు ఆడపిల్లలు మొత్తం పదిమంది లేని బడి ఎక్కణ్ణించి తెస్తుంది? ఇక ఫీజు మాఫీతో చేర్చుకున్నవాళ్ళ సంగతి. పిల్లాణ్ణి ఆడకుండా ఆపొద్దు. పరుగు, దూకుడు లాంటి వ్యక్తిగత పోటీల్లో మొదటి రోజు నుంచే ఆడనివ్వండి. జట్టు ఆటల్లో మాత్రం ఆ ఏడాది కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరికి మించకూడదని నియమం పెట్టాలి. సర్టిఫికెట్ మీద ఇప్పటి బడి పేరు కింద అంతకుముందు చదివిన బడి పేరు కూడా రాయాలి. దానికి ఒక్క గీత చాలు.

ప్రైవేటు యాజమాన్యాలు దీన్ని శిక్ష అనుకోనక్కర్లేదు. మంచి శిక్షకుడు, మ్యాట్ ఉన్న బడి ఆదివారాలు పక్క ఊరి సర్కారు పిల్లలకు గేటు తెరిస్తే రెండు వైపులా ఆట పెరుగుతుంది. అలా తెరిచిన బడికి కొత్త ఆటగాళ్ళ పరిమితి ఒకరిద్దరు పెంచినా అభ్యంతరం ఉండదు.

హోబళి ఆటలు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతాయి. అడ్మిషన్లు వాటికంటే ముందే, మే, జూన్‌లలో అయిపోతాయి. నియమం మార్చాలనుకుంటే విద్యాశాఖ సర్క్యులర్ వేసవి సెలవుల్లోనే బీఈఓల చేతికి చేరాలి. ఆటలకు వారం ముందు వచ్చే కాగితంతో ఏ పనీ కాదు. అప్పటికి జట్లు తయారై ఉంటాయి.