కొబ్బరాకుల సినిమాలూ, ఒక పాలేరు పుస్తకమూ

ఈమధ్య చూసినవీ, చదివినవీ, విన్నవీ మూడు ముక్కల్లో రాసేద్దామని కూర్చున్నా. మూడూ తిరిగి తిరిగి మా ఊరికే చేరాయి. మాది ఉప్పలగుప్తం, అమలాపురం పక్కనే.

మొదట సినిమా. ఈ సంక్రాంతికి ఇంట్లో అమ్మతో కలిసి ‘శతమానం భవతి’ మళ్ళీ చూశాను. 2017 సంక్రాంతికి వచ్చిన సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆత్రేయపురంలో పెద్దాయన, విదేశాల్లో పిల్లలు, వాళ్ళని పండక్కి రప్పించడానికి ఆయన విడాకుల ఎత్తు. ప్రకాష్ రాజ్, జయసుధ ఎప్పట్లాగే బాగా చేశారు. అమ్మ రెండు చోట్ల కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నా, అబద్ధమెందుకు!

కానీ నా మటుకు నాకు నిరాశే. తప్పంతా పిల్లలదే అన్నట్టు చూపిస్తారు. పచ్చటి చేలు, కొబ్బరి తోటలు, గోదారి గట్టు.. ఇంత స్వర్గాన్ని వదిలి ఎందుకు పోయార్రా అని. ఆ చేనుకి ఏమైందో ఒక్క సీనులోనూ ఎవరూ అడగరు.

2011లో మా కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? అప్పుడు క్వింటాలు ధాన్యానికి మద్దతు ధర 1080 రూపాయలు. కూలీ, ఎరువు ఖర్చులు లెక్కేస్తే చేతికి మిగిలేది లేదు. దానికి తోడు మురుగు కాలవలు లాగక చేలు మునగడం. ఆ ఏడు నాన్నగారు ఫోన్ చేసి "ఈసారి ఊడ్చట్లేదురా" అన్నారు. నేను "రిలీజ్ ఉంది నాన్నగారూ, రాత్రికి చేస్తా" అన్నాను. చెయ్యలేదు. రిలీజ్ మాత్రం టైముకి అయింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరూ వాడట్లేదు. సినిమా నన్ను తిట్టాలనుకుంటే ఈ ఒక్కదానికి తిట్టుండాల్సింది, ఊరుకునేవాణ్ణి.

రెండోది పుస్తకం. బోయి భీమన్న గారి ‘పాలేరు’ నాటకం. ఆయనదీ మా కోనసీమే, మామిడికుదురు. చదువు నీకెందుకన్న చోట ఒక పాలేరు కుర్రాడు చదువుకుని పైకొచ్చే కథ. ఎప్పటి నాటకమో కదా, ఉపన్యాసంలా ఉంటుందేమో అనుకుంటూ మొదలెట్టి ఒక్క కూర్చోడంలో చదివేశా. మా ఇంట్లోనూ పాలేరు ఉండేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని చేనుకి తీసుకెళ్ళేవాడు. ఆయన పిల్లలు ఏం చదివారో నేనెప్పుడూ అడగలేదు. పుస్తకం మూశాక ముందు తట్టింది ఇదే. ఇన్నేళ్ళలో చూసిన ఏ పల్లెటూరి సినిమా నాచేత ఈ ప్రశ్న వేయించలేదు. అన్నట్టు, భీమన్న గారికి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం పేరు ‘గుడిసెలు కాలిపోతున్నై’. 2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు టీవీ ముందు ఆ పేరే గుర్తొచ్చింది. కొబ్బరాకుల ఫ్రేములో ఇవేవీ పట్టవు.

ఇక సంగీతం. ‘గోదావరి’ (2006) పాటలు. రాధాకృష్ణన్ బాణీలు, వేటూరి మాటలు. బాలు గారు పాడిన టైటిల్ పాట ఇప్పటికీ రాత్రిపూట ప్రొడక్షన్ బగ్ వెతుకుతున్నప్పుడు వింటాను. ఇది మాత్రం అందమైన అబద్ధం కాదా అంటారేమో. కాదనే నా అభిప్రాయం. ఆ పాట నది గురించి పాడుతుంది, అంతే. ఊరు వదిలావేం అని నన్ను నిలదియ్యదు.

మొన్న నాన్నగారిని అడిగాను, మన పాత పాలేరు పిల్లలు ఎక్కడున్నారని. "పెద్దాడు అమలాపురంలో మాస్టారు. నువ్వడుగుతావనుకోలేదురా" అన్నారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆయన్ని కలవాలి. ఎలా పలకరించాలో మాత్రం ఇంకా తేలలేదు.