తాళం వేసిన పెట్టెను నమ్మమంటే ఎట్లా?

మోటారు సైకిల్ రేసులు చూసేవాళ్లలో రెండు జట్లు ఉన్నాయి. తమ రైడర్ ఓడిపోతే మొదటి జట్టు, "గెలిచిన బండిలో ఏదో పెట్టినారు, లేకుంటే మలుపులో అంత రేజ్ ఎట్లా ఇస్తాడు? నిప్పు లేనిదే పొగ రాదు" అంటుంది. రెండో జట్టు, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది. రుజువు చూపించండి, లేకుంటే నోరు మూసుకోండి" అంటుంది. మా పదో తరగతిలో కూడా ఈ రెండు జట్లూ ఉన్నాయి. రెండూ తప్పే అని నేను అంటాను.

ముందు విషయం ఏమిటో చూద్దాం. బండి మలుపులో వంగి ఉన్నప్పుడు రేజ్ ఎక్కువ ఇస్తే వెనక చక్రం జారుతుంది. ఎంత ఇవ్వాలో రైడర్ మణికట్టుకు తెలియాలి. అది ఏళ్ల తరబడి పడి లేచి నేర్చుకునే విద్య. ట్రాక్షన్ కంట్రోల్ ఆ పని తనే చేస్తుంది. చక్రం జారుతోందని తెలియగానే బండిలోని చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, స్పార్క్ తగ్గించి ఇంజన్ బలాన్ని తగ్గిస్తుంది. ముందు చక్రం లేవకుండా ఆపేది ఇంకొకటి, స్టార్టింగ్‌లో సాయం చేసేది మరొకటి ఉన్నాయి. మోటోజీపీలో వీటికి అనుమతి ఉంది. బ్రిటిష్ సూపర్‌బైక్ పోటీల్లో మాత్రం 2012 నుంచి వీటిని తీసేసి, అందరికీ ఒకే రకం ఈసీయూ ఇచ్చినారు.

ఇప్పుడు మొదటి జట్టుకు నా మాట. మీరు చెవులతో విని తీర్పు చెప్తున్నారు. ఇంజన్ టపటపా తడబడితే "అదిగో ట్రాక్షన్ కంట్రోల్" అంటున్నారు. ఇంజన్ తన వేగ పరిమితిని తాకినప్పుడు కూడా అట్లాంటి శబ్దమే వస్తుంది. శబ్దం విని ఒక మనిషిని దొంగ అనడం న్యాయం కాదు. అతను పదేళ్లు కష్టపడి నేర్చుకున్న విద్యను ఒక్క మాటతో తుడిచేస్తున్నారు.

రెండో జట్టుకు నా మాట ఇంకా గట్టిది. రుజువు తెమ్మంటున్నారు, సరే. ఎక్కడినుంచి తేవాలి? చక్రాలకు అదనంగా సెన్సార్లు పెడితే కదా కంటికి కనిపించేది! ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సార్ ఈ బండ్లన్నిటిలోనూ ఎట్లాగూ ఉంటుంది. వెనక చక్రం జారితే ఆ వేగం ఉన్నట్టుండి పెరుగుతుంది. ఆ పెరుగుదలను గుర్తుపట్టి స్పార్క్ తగ్గించమని నాలుగు వరుసల ప్రోగ్రాం రాస్తే చాలు. కొత్త వైరు ఉండదు, కొత్త వస్తువు ఉండదు. పెట్టెకు తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకొని, "లోపల ఏముందో చూపించు" అని బయటివాడిని అడగడం ఏమి న్యాయం?

ఇది ఊహ కాదు. కార్ల రేసుల్లో జరిగింది. 1994లో ఫార్ములా వన్‌లో ఇట్లాంటి సాయాలన్నీ నిషేధించినారు. ఆ ఏడాది బెనెట్టన్ జట్టు సాఫ్ట్‌వేర్‌ను ఎఫ్‌ఐఏ పరీక్ష చేయించింది. స్టార్టింగ్‌కు సాయం చేసే ప్రోగ్రాం అందులో దొరికింది. తెర మీద కనిపించే జాబితా అయిపోయిన తర్వాత కూడా కిందికి పోతే, కనిపించని 13వ వరుసలో అది ఉంది. అయితే దాన్ని రేసులో వాడినట్టు రుజువు కాలేదు. ఆ జట్టు డ్రైవర్ మైకేల్ షుమాకర్ ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయినాడు. 30 ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా ఆగలేదు. అనుమానించినవాళ్లకు రుజువు దొరకలేదు, గెలిచినవాడికి మచ్చ పోలేదు. తాళం వేసిన పెట్టె వల్ల ఇద్దరూ నష్టపోయినారు.

తర్వాత ఏమైంది? తనిఖీ చేయలేక 2001లో ట్రాక్షన్ కంట్రోల్‌కు మళ్లీ అనుమతి ఇచ్చేసినారు. 2008లో అందరికీ ఒకే ఈసీయూ ఇచ్చిన తర్వాతే మళ్లీ నిషేధించగలిగినారు. దీన్నిబట్టి తెలిసేది ఒకటే. తనిఖీ చేయలేని నిషేధం నిషేధమే కాదు. అది నిజాయితీపరుడికి మాత్రమే వేసే శిక్ష.

ఒకే ఈసీయూ ఇస్తే సరిపోతుందా? అదీ చాలదు. మోటోజీపీలో 2016 నుంచి అందరికీ ఒకే ఈసీయూ, ఒకే సాఫ్ట్‌వేర్. అయినా బండి ఎంత వంగిందో కొలిచే సెన్సార్ ఎవరిది వాళ్లు తెచ్చుకునేవాళ్లు. ఆ సెన్సార్‌లోనూ చిన్న కంప్యూటర్ ఉంటుంది కాబట్టి అక్కడ అనుమానం పుట్టింది. 2019 నుంచి అది కూడా అందరికీ ఒకటే చేసినారు. ఎవరినీ దొంగ అనలేదు, దొంగతనానికి సందు మూసినారు. నేను అడిగేది కూడా ఇదే. నిషేధం ఉన్న ప్రతి పోటీలోనూ ఈసీయూలు నిర్వాహకుల చేతిలో ఉండాలి. రేసుకు ముందు చీటీ తీసి ఒకరి పెట్టెను ఇంకొకరికి మార్చాలి. రేసు అయినాక అందులోని లెక్కలు అధికారులు చదవాలి.

"ఇట్లా చేస్తే రైడర్లను అవమానించినట్టు కాదా?" అని మా స్నేహితుడు అడిగినాడు. పబ్లిక్ పరీక్షలో స్క్వాడ్ వచ్చి అందరినీ తనిఖీ చేస్తే మనకు అవమానమా? చదివి రాసినవాడి మార్కులకు అదే కాపలా.

"రోడ్డు మీద బండ్లకు ఈ సాయాలు మంచివే కదా?" అని ఇంకొకరు అడగవచ్చు. మంచివే. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. రోడ్డు మీద మా నాన్న క్షేమంగా ఇంటికి రావడమే గెలుపు, అక్కడ ఎంత సాయం ఉంటే అంత మేలు. రేసులో గెలుపు అంటే ఎవరి చెయ్యి గొప్పదో తేలడం. రెండింటికీ ఒకే కొలత పెట్టకూడదు.

హోసూరులో చదివే మనకు ఇదంతా ఎందుకు అనకండి. మన ఊరిలోనే టీవీఎస్ బండ్లు తయారవుతాయి. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మన రాష్ట్రంలోనే ఉంది. మనలో కొందరు మెకానిక్కులు అవుతారు, కొందరు ప్రోగ్రాం రాసేవాళ్లు అవుతారు, ఒకరిద్దరు రైడర్లు కూడా కావచ్చు. డబ్బులేని ఇంటి పిల్లోడికి మణికట్టు తప్ప వేరే ఆస్తి లేదు. అతను కనిపించని ప్రోగ్రాం చేతిలో ఓడితే, ఎందుకు ఓడినాడో అతనికి ఎప్పటికీ తెలియదు. తన చెయ్యే మంచిది కాదనుకొని బండి దిగిపోతాడు. అతను గెలిస్తే, "ఏదో పెట్టినారులే" అంటారు.

కాబట్టి మొదటి జట్టు మిత్రులారా, మనుషులను అనుమానించడం మానండి. రెండో జట్టు మిత్రులారా, రుజువు అడగడం మానండి. ఇద్దరూ కలిసి పెట్టె తెరవమని అడగండి.