చిన్న చిత్రశాల చేయగల మేలు

చిత్రకళా ప్రదర్శనమనగానే సామాన్యంగా మనస్సులో మెదిలేది విశాలమైన భవనం, ఎత్తయిన గోడలు, బంగారు పూత పూసిన ఫ్రేములు, ద్వారం దగ్గర టిక్కెట్లు అమ్మే మనిషి. అటువంటి భవనాలు ఉండవలసినవే. కాలపరీక్షకు నిలిచిన కృతులను భద్రపరచడం వాటి ధర్మం. కాని నిన్న మొన్న గీసిన బొమ్మ, కాలం ఇంకా తీర్పు చెప్పని బొమ్మ, ఎక్కడికి పోవాలి? దాని మంచిచెడ్డలు ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్నకు సమాధానం పెద్ద భవనాలలో కంటె చిన్న గదులలోనే తరచుగా దొరికినట్లు ఆధునిక చిత్రకళాచరిత్ర చెబుతున్నది. ఆ చరిత్రలో న్యూయార్కు నగరంలోని “291” అనే చిత్రశాల కథ ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ప్రత్యేకించి తెలియదగినది.

1905 నవంబరులో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే ఛాయాచిత్రకారుడు, ఎడ్వర్డ్ స్టైకెన్ అనే మిత్రుని తోడ్పాటుతో, ఫిఫ్త్ ఎవెన్యూలో 291వ నంబరు ఇంటి పై అంతస్తున దీనిని తెరిచినాడు. ఛాయాచిత్రం కూడా కళయేనని లోకాన్ని ఒప్పించడం మొదటి సంకల్పం. ఉన్నవి మూడు చిన్న గదులు. 1908లో అద్దె పెరిగి అవి కూడా చేజారినవి. పాల్ హావిలాండ్ అనే మిత్రుడు మూడేండ్ల అద్దెకు పూచీపడగా పక్క వాటాలో ఇంకా చిన్న చోటు దొరికినది. ప్రదర్శనపు గది పదిహేనడుగుల చదరం. పల్లెటూరి బడిలో ఒక తరగతి గది అంతకంటె పెద్దదిగా ఉంటుంది. ఇల్లు మారినా పాత నంబరే పేరుగా నిలిచిపోయినది.

ఆ ఇరుకు గోడలమీద ఏమేమి వ్రేలాడినవో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1908 జనవరిలో ఫ్రెంచి శిల్పి రోడిన్ గీసిన రేఖాచిత్రాలు, అదే సంవత్సరం ఏప్రిల్‌లో మతీస్ చిత్రాలు, 1911లో సెజాన్ నీటిరంగుల చిత్రాలు అక్కడ ప్రదర్శితమైనవి. సెజాన్ తరువాత, ఆ 1911లోనే, పికాసో రేఖాచిత్రాలూ నీటిరంగుల చిత్రాలూ కలిపి 83 వచ్చినవి. అమెరికాలో అది అతని మొదటి ప్రత్యేక ప్రదర్శనం. కొన్నవారు లేరనే చెప్పవచ్చు. ఆ మొత్తాన్ని 2000 డాలర్లకే ఇప్పిస్తానని స్టీగ్లిట్జ్ మెట్రోపాలిటన్ మ్యూజియం వారిని అడిగినాడట, వారు వద్దన్నారట. ఇది అతడు స్వయంగా చెప్పుకొన్న సంగతి. అతడు మాత్రం ఒక బొగ్గుచిత్రాన్ని కొని తన వద్ద ఉంచుకొన్నాడు. అతడు మరణించిన తరువాత, 1949లో, అతని సేకరణతోపాటు ఆ చిత్రం చేరినది సరిగా ఆ మ్యూజియానికే!

దీనిని బట్టి మ్యూజియం వారు అజ్ఞానులని తీర్మానించడం న్యాయం కాదు. ప్రజల సొత్తుకు ధర్మకర్తలైనవారు జాగ్రత్తగానే అడుగు వేస్తారు. పొరపాటు చేసే స్వాతంత్ర్యం వారికి తక్కువ. చిన్న చిత్రశాలకు ఆ స్వాతంత్ర్యమే మూలధనం. ఒక ప్రదర్శనం విఫలమైతే నెల తిరిగేసరికి గోడలు ఖాళీ అవుతవి, మరొకటి వస్తుంది. కొత్త కళ పెరగడానికి అటువంటి నేల కావాలి.

మరొక విశేషం. స్టీగ్లిట్జ్ “కామెరా వర్క్” అనే పత్రికను నడిపినాడు. తన ప్రదర్శనాలను దినపత్రికలవారు మెచ్చుకొన్న మాటలతోపాటు, ఎగతాళి చేసిన మాటలను కూడా దానిలో అచ్చువేసినాడు. చూచేవానికి కాదనే హక్కున్నదని అంగీకరించిన చోటనే అవుననడానికి విలువ కలుగుతుంది. మన ఆలంకారికులు సహృదయుడని ఎవనిని పేర్కొన్నారో అతడు ఆ యోగ్యతను పుట్టుకతో తెచ్చుకోడు. కృతిని మరల మరల అనుశీలించి సంపాదిస్తాడు. అందుకు నిశ్శబ్దమూ, తీరికా, చేరువా కావాలి. పదిహేనడుగుల గదిలో ఈ మూడూ దొరుకుతవి.

ఉపాధ్యాయులు గుర్తించవలసిన ఘట్టాలు ఇంకా రెండున్నవి. 1912 ఏప్రిల్‌లో, మతీస్, పికాసోల చిత్రాలు వ్రేలాడిన ఆ గోడలమీదనే, రెండేండ్ల పసివారు మొదలు పదకొండేండ్ల బాలల వరకు గీసిన బొమ్మలను ప్రదర్శించినారు. వారెవరూ చిత్రలేఖనంలో శిక్షణ పొందినవారు కారు. పిల్లవాని బొమ్మలో పెద్దవాని బొమ్మకు వచ్చిన తప్పులను వెదకడం మాని, దాని సొంత చూపును గమనించమని ఆ ప్రదర్శనం కోరినది. రెండవది జార్జియా ఓకీఫ్ కథ. ఆమె దక్షిణ కరొలైనాలో ఒక చిన్న కళాశాలలో చిత్రలేఖనం చెబుతూ, తీరిక వేళల బొగ్గుతో గీసిన చిత్రాలను స్నేహితురాలికి పంపినది. ఆ స్నేహితురాలు 1916 జనవరి 1వ తేదీన వాటిని స్టీగ్లిట్జ్‌కు చూపినది. మే నెలలో అవి గోడకెక్కినవి. తరువాత అమెరికా చిత్రకారులలో అగ్రశ్రేణికి చెందిన ఆమెకు మొదటి వేదిక ఈ చిన్న గదియే. బడిపంతులు బతుకులో కళకు చోటులేదనే నిరాశకు ఇంతకంటె మంచి జవాబు అరుదు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇటువంటి చిత్రశాల ఒక వ్యక్తి అభిరుచికీ, ఒకరిద్దరి ధనానికీ కట్టుబడి ఉంటుంది. ఓకీఫ్ చిత్రాలను కూడా ఆమె అనుమతి అడగకుండానే ప్రదర్శించినారు. ఆమె వచ్చి నిలదీసినది. 1913లో ఆర్మరీలో జరిగిన మహాప్రదర్శనంలో సుమారు 1300 కృతులుంచగా జనం విరగబడి చూచినారు. చిన్న గదికి అంతమంది ఎన్నడూ రాలేదు. “కామెరా వర్క్” చందాదారులు చివరికి 40 మందికి లోపలికి దిగిపోయినారు. అమెరికా యుద్ధంలోకి దిగిన 1917లోనే పత్రికా ఆగినది, చిత్రశాలా మూతపడినది. ఇవన్నీ నిజమే. అయినా ఆర్మరీకి వచ్చిన జనం చూడబోయిన కొత్తదనాన్ని అంతకు ఐదేండ్ల ముందే కొద్దిమంది ఎదుట పెట్టి, పోట్లాడి, ఓపికపట్టినది ఆ గది. వర్షానికి ముందు దుక్కి దున్నినవానిని పంటనాడు మరువరాదు.

కనుక ఊరిలో ఎక్కడైనా ఒక చిన్న గదిలో నేటి చిత్రకారుల ప్రదర్శనం జరుగుతున్నదని తెలిస్తే, ఉపాధ్యాయుడు నలుగురైదుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని పోవడం మంచిది. గీసినవాని పేరు, ధర, బిరుదులు ముందుగా చెప్పనక్కరలేదు. ఏమి కనిపిస్తున్నదో మొదట వారినే చెప్పనివ్వాలి. బాగులేదన్నవానిని మందలించరాదు, ఎందుకు బాగులేదో అడగాలి. వారం తరువాత ఆ బొమ్మ దగ్గరికే వానిని మరల తీసుకొనిపోవాలి. అప్పుడు వాడు మునుపటి మాటే చెప్పినా నష్టం లేదు. రెండవసారి చూడడం వానికి అలవాటైతే చాలును.