కరెంటు వైద్యం – సిస్టర్ చెప్పే మాట

డాక్టరుగారు "ఈ.సి.టి. ఇవ్వవలసి ఉంటుంది" అని చెప్పి వెళ్ళాక, ఇంటివారు ముందుగా అడిగేది నర్సునే. "సిస్టర్, కరెంటు పెడతారట గదా, మనిషికి ఏమీ కాదు కదా?" అంటారు. అప్పుడు ఆమె చెప్పే జవాబును బట్టే ఆ కుటుంబానికి ధైర్యమైనా వస్తుంది, భయమైనా పెరుగుతుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1938లో రోమ్ నగరంలో ఈ చికిత్స మొదలైనప్పుడు మత్తుమందు ఇచ్చేవారు కాదు. మూర్ఛ తీవ్రతకు కొందరికి ఎముకలు విరిగేవి. సినిమాలు ఇప్పటికీ దాన్ని శిక్షలాగే చూపిస్తున్నాయి. నర్సులూ ఆ సినిమాలు చూసి పెరిగినవారే.

నేడు పరిస్థితి వేరు. మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈ చికిత్స చేయడాన్ని మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతితోపాటు బోర్డు ముందస్తు అనుమతి కూడా ఉండాలి. తిండీ నీళ్ళూ మానేసి బిగుసుకుపోయినవారికి, చనిపోవాలన్న ఆలోచన వదలని తీవ్రమైన డిప్రెషన్ రోగులకు ఇది ప్రాణం నిలిపే వైద్యం. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున 6 నుండి 12 సార్లు ఇస్తారు.

ఇందులో నర్సు పని చాలా ఉంది. రోగి పరగడుపున ఉన్నారా, కట్టుడు పళ్ళు, నగలు, హెయిర్ పిన్నులు తీశారా, తలకు నూనె లేకుండా ఉందా, మూత్రవిసర్జన చేశారా, సమ్మతి పత్రం ఉందా అన్నీ చూడాలి. చికిత్స తరువాత శ్వాస, నాడి, బి.పి. గమనిస్తూ ఉండాలి. మెలకువ వచ్చేసరికి రోగికి తానెక్కడున్నదీ తెలియకపోవచ్చు. అప్పుడు పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచి, "మీరు ఆసుపత్రిలో ఉన్నారు, చికిత్స అయిపోయింది" అని నెమ్మదిగా చెప్పే మనిషి కావాలి. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు.

నా అభిప్రాయంలో నర్సులు రెండు తప్పులకు దూరంగా ఉండాలి. మొదటిది, తమ భయాన్ని రోగికి అంటించడం. రెండవది, "ఏం కాదమ్మా, రెండు నిమిషాల పని, సంతకం పెట్టండి" అని తేలిక చేయడం. రెండవది మరీ ప్రమాదం. తలనొప్పి, ఒళ్ళునొప్పులు రావచ్చు. చికిత్స జరిగిన రోజుల సంగతులు, అంతకు ముందు కొన్ని సంగతులు మరచిపోవచ్చు. చాలామందికి మరపు క్రమంగా తగ్గుతుంది. అయితే కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు. ఇది దాచి తీసుకున్న సంతకం సమ్మతి కాదు. ముందే చెబితే, ఇంటికి వెళ్ళాక మరపు కనిపించినా ఇంటివారు కంగారుపడరు.

అందుకే ఈ వార్డులో పనిచేసే ప్రతి నర్సూ ఒక్కసారైనా ఈ చికిత్సను మొదటినుండి చివరివరకు దగ్గరుండి చూడాలి. చూసినదానిపై భయం తగ్గుతుంది, చెప్పే మాటలో నిజం ఉంటుంది.

పాఠకులారా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స చెబితే సిగ్గుపడకండి, దాచకండి. ఎందుకు, ఎన్నిసార్లు, దీనికి బదులు వేరే మార్గం ఉందా అని అడగండి. రోగికి అర్థం చేసుకునే శక్తి ఉంటే నిర్ణయం రోగిదే. ఒప్పుకున్నాక వద్దనుకునే హక్కు కూడా ఉంది. ఓపికగా జవాబు చెప్పడం సిస్టర్ విధి, తీరికున్నప్పుడు చేసే ఉపకారం కాదు.