లారీ లోపల ఏముండాలి?

మా నాన్న ఇరవై రెండేళ్లు పది టైర్ల లారీ తోలారు. చూపు తగ్గింది, ఇక స్టీరింగ్ పట్టొద్దని డాక్టర్ చెప్పాక పోయినేడాది దాన్ని అమ్మేశాం. కొన్నాయన బండి తీసుకెళ్తుంటే నాన్న ఏమీ అనలేదు. డ్యాష్‌బోర్డ్ మీదున్న చిన్న దుర్గమ్మ ఫొటో ఒక్కటి తీసి జేబులో పెట్టుకున్నారు.

ఈ వారం కాలమ్‌లో లారీ గోల ఏంటంటారా? ఆ లారీని మైన్‌క్రాఫ్ట్‌లో మళ్లీ తయారుచేద్దామన్నాడు మా మేనల్లుడు. వాడికి పదకొండేళ్లు. లారీలు నడిపే ఓ మాడ్ వేసుకున్నాం. బయట రంగు మార్చుకోవచ్చు, సూపర్. డోర్ తీసి ఎక్కితే మాత్రం లోపల అన్ని లారీలకీ ఒకటే క్యాబిన్. బూడిదరంగు సీట్లు, ఖాళీ డ్యాష్‌బోర్డ్.

"ఇది తాతయ్య లారీ కాదు మామయ్యా" అన్నాడు వాడు.

వెంటనే మాడ్ రాసినతనికి మెసేజ్ కొట్టాను: "ఇంటీరియర్ మార్చుకునేలా చేయండి, అదిరిపోతుంది." పంపాక సిగ్గేసింది. ఆఫీసులో క్లయింట్ ఇలాంటి ఒక్క లైన్ పంపితే మేమెంత తిట్టుకుంటామో నాకు తెలుసు. పైగా ఇతను జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు రాస్తున్నాడు.

అసలు ఇందులో కష్టమేంటంటే, మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు అంటే బ్లాకులు. ఒక్కో బ్లాకు అన్నివైపులా మీటరు. గళ్ల నోట్‌బుక్‌లో అంకెలా తన గడిలోనే కూర్చుంటుంది. లారీ అలా కాదు. ఆవులా, పడవలా అదో ఎంటిటీ. ఎటైనా కదులుతుంది, ఏ కోణంలోకైనా తిరుగుతుంది. అందుకే దాని లోపల మామూలు బ్లాకు పెట్టడం కుదరదు. క్రియేట్ అనే మాడ్‌లో బ్లాకులతోనే రైలు కట్టుకోవచ్చు. కానీ కదిలేటప్పుడు ఒక్కో పెట్టెలోని బ్లాకులన్నీ కలిసి ఒకటే ఎంటిటీ అయిపోతాయి. పెట్టె కట్టుబడి మార్చాలంటే స్టేషన్లో ఆపి మళ్లీ విడదీయాలి. మా లారీ కోసం మాడ్ మొత్తం అలా తిరగరాయమనడం అన్యాయం.

కాబట్టి రెండో మెసేజ్ కూర్చుని రాశాను. అడిగింది మూడే.

ఒకటి, సీటు రంగు. ఉన్న బూడిదరంగు టెక్స్‌చర్ మీదే రంగు పూస్తే చాలు. లెదర్ కవచానికి గేమ్ చేసేది అదే. గేమ్‌లో ఎలాగూ 16 డైలున్నాయి, కొత్త బొమ్మ గీయక్కర్లేదు.

రెండు, డ్యాష్‌బోర్డ్ మీద ఒక స్లాట్. గోడ మీది ఐటమ్ ఫ్రేమ్‌లో ఏ వస్తువైనా పెట్టుకున్నట్టే.

మూడు, సీటు వెనక పడుకునే చోటు.

సేవ్ చేయాల్సినవి మూడు చిన్న విలువలు. మల్టీప్లేయర్‌లో పక్కవాళ్లకి పంపాల్సిందీ అంతే. ఎందుకు అడుగుతున్నానో కూడా రాసి, నాన్న క్యాబిన్ ఫొటో జతచేశాను.

పది రోజులకి జవాబొచ్చింది. సీటు, స్లాట్ ఓకే. గేమ్‌లో నిద్ర మంచం బ్లాకుతో ముడిపడి ఉంది కాబట్టి పడక ఇప్పట్లో వద్దన్నాడు. న్యాయమే.

కొత్త వెర్షన్ రాగానే సీటుకి ఎర్ర రంగేశాం. బంతిపువ్వు లేదు కాబట్టి డ్యాష్‌బోర్డ్ మీద పచ్చటి డాండెలైన్ పెట్టాం. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నాన్నకి చూపించాం. కళ్లజోడు సర్దుకుని స్క్రీన్‌కి దగ్గరగా వంగి చూశారు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"సీటు బాగుందిరా. స్టీరింగ్ ఎడంపక్క పెట్టారేంటి?"

నేనూ, వాడూ మొహామొహాలు చూసుకున్నాం. ఇన్ని రోజులు ఆడాం, ఫొటో కూడా పంపాం, మా ఇద్దరికీ అది కనపడలేదు. డైల లెక్కలు వేశాను గానీ, ఇరవై రెండేళ్లు కుడిపక్క కూర్చున్న మనిషిని ముందు ఒక్క మాట అడగలేదు.

మీరూ ఏ మాడ్‌కో, యాప్‌కో ఫీచర్ అడగబోతుంటే, ఏం కావాలో, ఎందుకు కావాలో, తక్కువ పనితో ఎలా అవుతుందో రాయండి. దానికంటే ముందు, ఆ సీట్లో కూర్చున్నవాళ్లని అడగండి.

మూడో మెసేజ్ ఇప్పుడు నాన్న చెప్తున్నారు, నేను టైప్ చేస్తున్నా. స్టీరింగ్ అయిపోయింది, చిన్న ఫ్యాను దగ్గరున్నాం. ఇంతలోనే ఇంకో ప్రశ్న:

"అవునూ, క్లీనర్ ఎక్కడ కూర్చుంటాడ్రా?"