గోళ్ళ రంగుకు పెట్టిన పేరు



విశ్వాసురాలు గోళ్ళకు రంగు వేసుకోవచ్చునా అనే ప్రశ్న మా వైపు యువతుల కూడికలలో తప్పకుండా వస్తుంది. పెద్దమ్మలు ఒకటంటారు, కోడళ్ళు ఒకటంటారు. ఈ నెల మేము ఆ తగవు జోలికి పోవడం లేదు. అదే రంగు సీసా గురించి మరొక ప్రశ్న ఉన్నది, మా మట్టుకు అది దీనికంటే పెద్దది. సీసా మీద ఉన్న పేరు ఎక్కడినుండి వచ్చింది?

మెక్సికో దేశపు ఉత్తర సరిహద్దున, అమెరికాలోని ఎల్ పాసో పట్టణానికి ఎదురుగా, నది అవతల సియుదాద్ హువారెజ్ అనే నగరం ఉన్నది. విదేశీ కంపెనీల కోసం వస్తువులు బిగించే కార్ఖానాలు అక్కడ వందల కొద్దీ వెలిశాయి. పల్లెలనుండి వలస వచ్చిన పడుచు పిల్లలు వాటిలో షిఫ్టు పనులకు చేరారు. 1993 నుండి ఆ ఊరిలో ఆడవాళ్ళు కనబడకుండా పోవడం, కొన్నాళ్ళకు ఎడారిలోనో ఖాళీ స్థలంలోనో శవాలై దొరకడం లోకానికి తెలిసింది. ఒకరు ఇద్దరు కాదు, వందల మంది. 2001 నవంబరులో ఒక పాత పత్తి చేనులో ఎనిమిది మంది శవాలు బయటపడ్డాయి. వారిలో ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయిని, పనికి రెండు నిమిషాలు ఆలస్యమైందని కార్ఖానా గేటు దగ్గరనుండే వెనక్కు పంపారు. ఆమె ఇల్లు చేరలేదు. తల్లులు ఫిర్యాదుకు వెళితే, ఎవరితోనో పోయి ఉంటుందిలే అన్నట్టు మాట్లాడిన అధికారులున్నారు. (ఈ మాట ఏ దేశం పోలీసు స్టేషనుకు వెళ్ళినా అదే భాషలో వినబడుతుంది కాబోలు.) ఆ పత్తి చేనులో దొరికిన ముగ్గురి విషయమై అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2009 నవంబరులో తీర్పు చెప్పింది. మెక్సికో ప్రభుత్వమే దీనికి బాధ్యురాలని తేల్చింది.

ఆ తీర్పు వచ్చిన మూడు నెలలకు, 2010 ఫిబ్రవరిలో, న్యూయార్కులో రొడార్టే అనే దుస్తుల సంస్థ ఒక ప్రదర్శన జరిపింది. ఆ సంస్థ నడిపేది కేట్, లారా మల్లేవీ అనే అక్కచెల్లెళ్ళు. టెక్సాస్ సరిహద్దు వెంట కారులో ప్రయాణం చేసినప్పుడు వారి మనసును పట్టుకున్నది ఏమిటంటే, తెల్లవారుజామున సగం నిద్రలో కార్ఖానా పనికి నడిచిపోయే హువారెజ్ స్త్రీలు. వేదిక మీద నడిచిన అమ్మాయిల ముఖాలు నెత్తురు లేనట్టు పాలిపోయి కనబడేలా తయారు చేశారు. తరువాత మ్యాక్ అనే పెద్ద సౌందర్య సామగ్రి కంపెనీ వారితో కలిసి అదే భావంతో రంగులు సిద్ధం చేసింది. గోళ్ళ రంగులలో ఒకదాని పేరు హువారెజ్. ఒకదాని పేరు ఫ్యాక్టరీ. మరొక రంగుకు ఘోస్ట్ టౌన్, అనగా దయ్యాల దిబ్బ.

2010 జులైలో ఈ పేర్లు బయటికి రాగానే స్త్రీలే లేచి అడిగారు. కంపెనీ క్షమాపణ చెప్పింది. పేర్లు మారుస్తామన్నది. మొదట లక్ష డాలర్లు ఇస్తామన్నది, తరువాత వచ్చే లాభమంతా హువారెజ్ స్త్రీల మేలు కొరకు ఇస్తామన్నది. చివరకు ఆ సరుకును అంగళ్ళకు పంపడమే మానుకున్నది. రావలసిన లాభాన్ని లెక్క కట్టి ఇస్తామన్న మాట మాత్రం నిలుపుకుంటామని చెప్పింది.

మెక్సికో ఎక్కడ, మేమెక్కడ అని కంభం, బేస్తవారిపేట పాఠకులు అనుకోవచ్చు. కొంచెం ఊహించండి. ఎండలు మండే మే నెలలో ఒక దొరసాని మార్కాపురంనుండి గిద్దలూరుకు కారులో పోతున్నది. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో నిలుచున్న ఆడవాళ్ళను చూసింది. మూటలు నెత్తిన పెట్టుకుని గుంటూరు వైపు కూలికి పోయే కుటుంబాలను రైల్వే స్టేషనులో చూసింది. పలకల కార్ఖానాలో రాతి పొడి కనురెప్పల మీద పేరుకున్న స్త్రీని చూసింది. ఆహా, ఏమి వర్ణాలు అనుకున్నది. ఇంటికి పోయి కళ్ళకు పూసే బూడిద రంగుకు పలక అని పేరు పెట్టింది. పెదవుల రంగుకు బీడు అని. గోళ్ళకు వేసే లేత పసుపుకు ఫ్లోరైడ్ అని.

ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారకట్టిన మన ఆడపిల్లలు నవ్వు వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పెళ్ళిచూపులలో నోరు విప్పి మాట్లాడరు. ముసలితనం రాకముందే నడుము వంగిపోయిన అమ్మలు మన సంఘాలలోనే ఉన్నారు. ఆ పసుపు సీసా మీద మన ఊరి పేరు ఉంటే, మన ఊరి గొప్ప చాటారని సంతోషించగలమా? దొరసానికి దుర్బుద్ధి లేదనే అనుకుందాము. ఆమె చూసినది రంగును. ఆ రంగు ఎందుకు వచ్చిందో కారు దిగి అడగలేదు.

అయితే శ్రమను, చావును గురించి కళాకారులు ఏమీ చేయకూడదా అని ఒక సహోదరుడు మాతో వాదించారు. చేయవచ్చును. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయినప్పుడు పాటలు పుట్టాయి, కథలు పుట్టాయి. అవి విన్నవారు ఏడ్చారు, చందాలు ఇచ్చారు. అక్కడ చనిపోయినవారే అసలు సంగతి. గోళ్ళ రంగులో అసలు సంగతి కొనేవారి గోళ్ళు. చనిపోయినవారు అలంకారానికి పనికివచ్చారు, అంతే.

మన దేశంలోనే రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఒక విద్యార్థినికి జరిగిన ఘోరం అందరికీ తెలుసు. 2014లో ఒక ఫోటోగ్రాఫరు, బస్సులో ఇద్దరు మగవాళ్ళ మధ్య ఖరీదైన బట్టలు తొడుక్కున్న అమ్మాయిని నిలిపి ఫ్యాషను చిత్రాలు తీశాడు. ఆ సంఘటన మీద తీసినవి కావని ఆయన అన్నాడు. చూసినవారికి మాత్రం మరొకటి గుర్తు రాలేదు. మరుసటి ఏడు, 2015లో, యాసిడ్ దాడిలో ముఖం కాలిపోయిన రేష్మా ఖురేషీ అనే ముంబయి అమ్మాయి ఒక వీడియోలో కూర్చుని పెదవులకు రంగు ఎలా వేసుకోవాలో నేర్పింది. నేర్పుతూ, ఈ రంగు ఎంత సులువుగా దొరుకుతుందో యాసిడ్ కూడా అంతే సులువుగా దొరుకుతున్నదని చెప్పింది. 2013లోనే సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాలకు కట్టడి పెట్టింది, అయినా ఆమె ఆ మాట అనవలసి వచ్చింది. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడిని, వారిలో ఒకరి మరణాన్ని తెలుగువారు మరచిపోలేదు. రేష్మా చేతిలో ఉన్నదీ అలంకరణ సామగ్రే, ఆమె చెప్పినదీ ఘోరమే. కాని ముఖము ఆమెది, మాట ఆమెది, అడిగినది యాసిడ్ అమ్మకం ఆపమని.

డబ్బు ఇచ్చేస్తే తప్పు మాసిపోతుందా అన్నది మరొక చిక్కు. ఇదే మ్యాక్ కంపెనీ 1994 నుండి వివా గ్లామ్ అనే పెదవుల రంగు అమ్మి, దాని ధరను మంచి పనులకే ఇస్తున్నది, చాలా ఏళ్ళు ఎయిడ్స్ బాధితుల కొరకే ఇచ్చింది. ఎందుకు అమ్ముతున్నారో ముందే చెప్పి అమ్మారు గనుక దానిని మేము తప్పుపట్టలేము. హువారెజ్ విషయంలో ధర్మం గుర్తుకు వచ్చినది జనం నిలదీసిన తరువాత. అయినా ఆ డబ్బు అందితే కాదనే తల్లి ఉండదు.

ఆమోసు ప్రవక్త తన గ్రంథం ఆరవ అధ్యాయంలో, పరిమళ తైలాలు పూసుకుంటూ తోటివారి నాశనానికి చింతపడని వారిని గద్దించాడు. ఆయన కోపమంతా తైలం మీద అని చెప్పి ఆడపిల్లలను బెదిరించే బోధకులున్నారు. వాక్యాన్ని చివరిదాకా చదవమని వారికి మా మనవి.

ఈ ప్రశ్న మన పత్రికల ముఖచిత్రాలకూ వర్తిస్తుంది. ఫ్లోరైడ్ వలన కాళ్ళు వంకరపోయిన ఒక పిల్లవాని ఫోటోను, కానుకలు బాగా వస్తాయని, కరపత్రం మీద వేయడానికి ఒక సహోదరుడు తెచ్చారు. ఇంటివారిని అడిగారా అన్నాము. తల్లి చదువుకోలేదు, ఆమెకేమి తెలుస్తుంది అన్నారు. ఫోటో తిరిగి ఇచ్చి, తీసుకువెళ్ళి ఆమెకు చూపించి, అడిగి రమ్మని చెప్పాము.